పాదరక్షల లోపలి మెత్తలు

ఈ పత్రికయందు సోదరీమణులు ఊరగాయలను గూర్చియు, కుట్టుపనులను గూర్చియు, శిశుపోషణమును గూర్చియు వ్రాయుచుండగా, మేము పాదరక్షలను గూర్చి, అందును వాని లోపల పాదము క్రింద నుండు మెత్తను గూర్చి వ్రాయబూనుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. ఇంటి వస్తువులన్నిటిలో గడపకు వెలుపల నుండునవి యవియే గదా! దేవుని మందసము మొదలుకొని వంటపాత్రల వఱకు దేనిని ఎట్లు తోమవలయునో, దేనిని ఏ గుడ్డతో తుడువవలయునో మా అమ్మగారు మాకు నేర్పిరి. మా తాతగారు దగ్గఱ కూర్చుండబెట్టుకొని భారత భాగవతములు చదివించిరి. బూటు లోపలి భాగమును శుభ్రపఱచుట యెట్లో ఇరువురును చెప్పలేదు. అది చెప్పదగిన విద్య యని వారికి తోచియుండదు. నేర్చుకొనదగినదని మాకును తోచలేదు. గడచిన సంవత్సరము జూన్ నెలలో తోచినది. తోచిన విధము సంతోషకరమైనది కాదు.

మా కాపురము కుత్బుల్లాపూరులో. ఈ ప్రాంతము 2007లో హైదరాబాదు మహానగర పాలకసంస్థలో చేర్చబడువఱకు వేరు పురపాలక సంఘముగా నుండెడిది. మా అత్తగారు కోడలుగా వచ్చిన దినములలో ఇచట జొన్నచేలు ఉండెడివట. ఇప్పుడు ఒక ప్రక్క జీడిమెట్ల కర్మాగారములు, ఒక ప్రక్క షాపూర్‌నగర్ అంగళ్లు, నడుమ ఎడతెగని లారీలు. వేసవిలో మోకాలివఱకు దుమ్ము, వానకాలమున చీలమండవఱకు బురద. మా యింటి అరుగుమీద తొమ్మిది జతల పాదరక్షలున్నవి. మా వారు ఉన్నత పాఠశాలలో గణితము బోధింతురు. వారికి నల్లని తోలుబూట్లు. పిల్లలిద్దఱికి వారమంతయు నల్లబూట్లు, శనివారమునాడు తెల్ల క్యాన్వాసు బూట్లు. అత్తగారికి రబ్బరు చెప్పులు, పండుగలకు తోలుచెప్పులు. తక్కినవి మావి. తొమ్మిది జతలలో తొమ్మిది విధముల మెత్తలు గలవని మాకు అప్పటికి తెలియదు. బూటనగా బూటే యనుకొంటిమి.

వేసవి సెలవుల తరువాత బడులు తెఱచుటకు రెండు దినములు ముందు, మా వారి బూట్లను ఈసారి చక్కగా శుభ్రపఱుతమని సంకల్పించితిమి. పైకి పాలిష్ వేయుట వారే చేసికొందురు. లోపల చేయిపెట్టి చూడగా మెత్త చేతికి వచ్చినది. పైన పలుచని తోలు, అడుగున స్పాంజి. చెమటకు నల్లబడి, వ్రేళ్లుండు చోట గుంతలుపడి, వాసన వచ్చుచుండెను. మేమేమి చేసితిమనగా, బకెట్టెడు వేడినీళ్లలో బట్టలసోడా, సబ్బుపొడి కలిపి రాత్రియంతయు నానబెట్టితిమి. ఉదయమున బట్టల బ్రష్షుతో రుద్ది, పిండి, మిద్దెమీద ఎండలో పఱచితిమి. జూన్ మొదటి వారములో మా మిద్దెమీది ఎండ అప్పడములను ఒక జాములో ఎండించును. సాయంకాలమునకు మెత్తలు తెల్లబడి, అంచులు పైకి లేచి, దోనెలవలె ముడుచుకొనియుండెను. శుభ్రమైనవి గదా యని మురిసి, వానిని చేతితో వంచి బూట్లలోనికి దూర్చితిమి.

బడి తెఱచిన దినమున మా వారు ఉదయము మొదలు సాయంకాలము వఱకు నిలుచుండియే యుండిరి. ఇంటికి వచ్చి మేజోళ్లు విడిచి బావి గట్టున కాళ్లు కడుగుకొనబోగా, తెల్ల మేజోడు అడుగున రూపాయబిళ్లంత యెఱ్ఱని మరక మా కంటబడెను. ఏమది యని అడిగితిమి. "ఎక్కడ?" అని వారే మమ్ము తిరిగి అడిగిరి. బొటనవ్రేలి మొదట అరికాలి చర్మము లేచిపోయి రక్తము కాఱుచున్నది. బిరుసెక్కిన తోలు అంచు దినమంతయు కోసినది. "నాకు నొప్పేం లేదు, నువ్వు ఊరికే భయపడకు" అనిరి. ఆ మాట వినగానే మాకు భయము కలిగెను. అంత గాయమునకు నొప్పి లేకపోవుటయేమి!

మా వారికి నలుబదవ యేట చక్కెర వ్యాధి యున్నట్లు తెలిసినది. అది నాలుగేండ్ల క్రిందటి మాట. మాత్రలు వేసికొనుచుండిరి, అన్నము తగ్గించి జొన్నరొట్టె తినుచుండిరి, అంతతో సరిపోయినదనుకొంటిమి. మఱునాడు వైద్యుని యొద్దకు పోగా ఆయన ఒక సన్నని దారమువంటి నైలాను పోగుతో అరికాలియందు పలుచోట్ల తాకించి, తాకినప్పుడెల్ల చెప్పుడనెను. మా వారు కన్నులు మూసికొని కూర్చుండిరి. పదిచోట్ల తాకినచో నాలుగు చోట్లనే చెప్పిరి. ఆ పోగు పది గ్రాముల ఒత్తిడికి వంగునట్లు చేయబడినదట. దాని స్పర్శ తెలియని పాదమునకు గులకఱాయి గ్రుచ్చుకొన్నను, మేజోడు మడత పడినను తెలియదు. మనకు నొప్పి కలుగగానే కుంటుదుము, ఆగుదుము, బూటు విప్పి చూతుము. వారికి ఆ హెచ్చరిక రాదు. పుండుమీదనే నడుచుచుందురు. మన దేశమున 10 కోట్లకు మించిన జనులకు ఈ వ్యాధి యున్నదని 2023లో భారత వైద్య పరిశోధన మండలివారి సర్వే తేల్చినది. వారిలో బూట్లు తొడిగి ఉద్యోగములకు పోవువారెందఱో, వారి బూట్లను ఉదికి ఎండబెట్టు ఇల్లాండ్రెందఱో!

ఆ గాయము మానుటకు ఏడు వారములు పట్టెను. మా వారు కుర్చీలో కూర్చుండి పాఠము చెప్పిరి. నల్లబల్లమీద లెక్కలు పిల్లలచేత వ్రాయించిరి. మమ్ము ఒక్కమాట యనలేదు. వారు కోపపడియుండిన మాకు కొంత తేలికగా నుండెడిది. ఆ దినములలో రాత్రులు నిద్రపట్టక భారతములోని నలోపాఖ్యానమును తలచుకొనుచుంటిమి. కలి నలునిలో ప్రవేశించుటకు చాలకాలము కాచుకొని యుండి, ఆతడు పాదములు కడుగుకొనకయే సంధ్యావందనమునకు కూర్చున్న దినమున ప్రవేశించెనని గదా కథ. చిన్ననాడు అది చదివినప్పుడు, అంత మహారాజునకు ఇంత చిన్న తప్పునకు అంత శిక్షయా యని తాతగారితో వాదించితిమి. కృష్ణుడంతటివానికి సైతము దుర్వాసుని పాయసము పూయక విడిచిన అరికాలియందే వేటకాని బాణము తగిలినది. మన పూర్వులు పాదమును అంత గమనించి చూచిరి. అయినను బూటును ఎట్లుదుకవలయునో ఎచటను వ్రాసిపెట్టలేదు!

అది మాకు నేర్పినవాడు షాపూర్‌నగర్ కూడలిలో గొడుగు పాతుకొని కూర్చుండు ఒక వృద్ధుడు. పాడైన మెత్తలను చూపి క్రొత్తవి వేయుమని అడుగుటకు పోయితిమి. ఆయన దానిని రెండు చేతులతో పట్టుకొని వంచిచూచి, ముక్కు దగ్గఱ పెట్టుకొని, "సోడా పెట్టినవా అమ్మా?" అనెను. దొంగతనము బయటపడినట్లయ్యెను. "తోలంటే బట్ట కాదమ్మా. గిట్ల ఎండల పెడితే గుంజుకుంటది. మన మొఖానికి ఏం పెట్టుకుంటమో గదే పెట్టాలె" అని చెప్పెను. మేము చదివిన పుస్తకములలో లేని వాక్యము. ముఖమునకు బట్టలసోడా పూసికొని నడియెండలో ఎవరు కూర్చుందురు?

తరువాత తెలిసికొనగా ఆ మాటలో శాస్త్రమంతయు నున్నది. తోలు పదునుపెట్టుటకు కొన్నిచోట్ల చెట్ల బెరళ్లను, ఇప్పుడు ఎక్కువగా క్రోమియము లవణములను వాడుదురు. ఏది వాడినను పదునైన తోలు కొంచెము ఆమ్లగుణము కలదై యుండును. సోడా క్షారము, అది తోలును పట్టియుంచు పదునును, దానిలోని చమురును లాగివేయును. తడిసిన తోలునకు వేడి తగిలినచో లోని నారలు ముడుచుకొనిపోవును. ముడుచుకొన్నవి మరల సాగవు. కుంకుడుకాయ నురుగు ఆమ్లగుణము కొంచెము కలది గనుక తోలునకు హితము. కావున తోలుమెత్తను నీళ్లలో ముంచనే కూడదు. బూటు నుండి తీసి, దుమ్ము దులిపి, కుంకుడు నురుగులో మెత్తని గుడ్డను ముంచి గట్టిగా పిండి, ఆ చెమ్మగుడ్డతో తుడువవలయును. పిమ్మట మంచినీటి గుడ్డతో ఒకమాఱు. చెమటలోని ఉప్పు పేరుకొని తెల్లని చారలుపడినచో, ఒక పాలు వెనిగరునకు మూడు పాళ్ల నీరు కలిపి తుడిచిన పోవును. నీడను, గాలి తగులుచోట, బల్లమీద బోర్లపఱచి ఆఱబెట్టవలయును. సగము ఆఱిన పిమ్మట పైన ఒక పాత నిఘంటువును బరువు పెట్టినచో అంచులు లేవవు. మా యింట నిఘంటువులకు కొదువ లేదు. పూర్తిగా ఆఱుటకు ఒక పగలును ఒక రాత్రియు పట్టును. తొందరపడి చెమ్మతో లోపల పెట్టినచో బూజు పట్టును. అందుచేత ప్రతిదినము తొడుగువారికి రెండు జతల బూట్లుండుట దుబారా కాదు. ఒకటి ఆఱుచుండగా ఒకటి నడుచును.

ఒకనాటి సాయంకాలము మేము అరుగుమీద కూర్చుండి ఈ పని చేయుచుండగా అత్తగారు చూచిరి. "గా చెప్పులు పట్టిన చేతులతోని దీపం ముట్టిస్తవా బిడ్డా?" అని అడిగిరి. కోపము కాదు, నిజమైన సందేహము. మాకును లోలోపల ఆ శంక లేకపోలేదు. మా తాతగారు పొరపాటున చెప్పు చేతికి తగిలిన బావికడకు పోయెడివారు. భరతుడు రాముని పాదుకలను సింహాసనముమీద నుంచి కొలిచిన కథను నిత్యము పారాయణము చేసినవారే ఆయన. రాముని పాదుకకు నమస్కారము, మనిషి చెప్పునకు స్నానము! ఆ చెప్పును చేసినవానికి ఊరి వెలుపలి గుడిసె. చిన్ననాడు మేము దీనిని గూర్చి అడుగలేదు. నల మహారాజును గూర్చి వాదించినవారము, దీనిని గూర్చి ఏల వాదింపలేదో ఇప్పుడు తలచుకొనిన సిగ్గు కలుగును.

అత్తగారితో వాదమునకు పోక తంగేడు పూలమాట యెత్తితిమి. తంగేడు లేనిదే వారికి బతుకమ్మ లేదు. ఆ పువ్వు ఇప్పుడు మన తెలంగాణ రాష్ట్రపుష్పము. ఆ చెట్టు బెరడుతోనే మన ప్రాంతములలో పూర్వము తోళ్లు పదునుపెట్టెడివారు. "పువ్వు మన పళ్లెంలోకి, చెక్క తోలులోకి, చెట్టు ఒకటే గద అత్తమ్మా" అంటిమి. వారు కొంతసేపు ఊరకుండి, "చేతులు సబ్బుతోని కడుక్కో మరి" అని లోనికి పోయిరి. చేతులు సబ్బుతో కడుగుకొనుట అంటువలన గాదు, ఆరోగ్యమునకై వైద్యుడు చెప్పినదియు నదియే గనుక మాకు ఆక్షేపణ లేదు.

తోలు తరువాత ఇప్పుడు ఎక్కువగా గనుపించునది స్పాంజి. అంగడివారు దేనినైనను ఇన్‌సోల్ అనియే యిచ్చెదరు గాని స్పాంజిలో రెండు జాతులు కలవు. ఒకటి ఇ.వి.ఏ. అను తేలికపాటిది. దీనిని గోరువెచ్చని నీటిలో కొద్ది సబ్బు కలిపి, పాత పండ్లబ్రష్షుతో మెల్లగా రుద్ది కడుగవచ్చును. మెలిపెట్టి పిండరాదు, తువాలులో పెట్టి అదిమిన నీరు దిగును. ఎండకును వేడికిని ఇది కుంచించుకొనిపోయి బూటులో చాలకుండపోవును, జరిగి మడతపడును. చాలసేపు నానినచో పైగుడ్డను అంటించిన బంక ఊడును. రెండవది పాలియురెథేన్. మెమరీ ఫోము అని ఎక్కువ ధరకు అమ్మునది ఈ జాతిదే. చేతితో నొక్కిన గుంటపడి మెల్లగా లేచును. ఇది నీటిని త్రాగిన త్వరగా విడువదు. కావున ముంచక, నురుగుగుడ్డతో అద్ది తుడిచి, రెండు దినములు గాలికి పెట్టవలయును. ఇంకొక దోషము కలదు. గాలిలోని చెమ్మకే ఈ పదార్థము ఏండ్లు గడచుకొలది తనంత తానే విఱిగిపోవును. మా వారి పెండ్లినాటి బూట్లను అపురూపముగా అటకమీద పెట్టెలో దాచితిమి. పండ్రెండేండ్లకు తీసిచూడగా పైతోలు మెఱయుచున్నది, లోపలి మెత్త మాత్రము తడిసిన శనగపిండివలె వ్రేళ్లకంటుకొని రాలినది. తొడుగక దాచినందున మేలు కలుగలేదు.

పిల్లల నల్లబూట్ల సంగతి వేరు. వానిలో మెత్త బయటికి రాదు. అట్టవంటి పలకకు పలుచని స్పాంజిగుడ్డ అంటించి లోపలనే బిగింతురు. తల్లులు చాలమంది ఆదివారము నాడు బూటును బకెట్టులో ముంచివేయుదురు. అట్ట ఉబ్బి, బంక ఊడి, ఒకమూల లేచి మడతపడును. సోమవారమునకు ఆఱదు. చెమ్మబూటుతోనే బిడ్డ బడికి పోవును. వ్రేళ్లసందులు చెడి దురదపుట్టును. వీనికి తడి చాల కొద్దిగా వాడవలయును. రాత్రి వంటసోడా ఒక చెంచా లోపల చల్లి, ఉదయము బోర్లించి బాగుగ దులిపిన వాసన తగ్గును. ఈ యుపాయము గుడ్డకు, స్పాంజికి మాత్రమే. తోలునకు కాదని మరల చెప్పుచున్నాము. వానకు తడిసివచ్చినచో పాత వార్తాపత్రికలను ఉండచుట్టి లోపల కూరి, గంటకొకమాఱు మార్చిన తెల్లవాఱునప్పటికి చాలవఱకు ఆఱును. మా చిన్నవాడు ఈ పనిని ఆటగా చేయును. తెల్ల క్యాన్వాసు బూట్లను మాత్రము ఉతుకక తప్పదు. వానిలో సబ్బు మిగిలియుండగా ఎండకు పెట్టినచో పసుపుపచ్చని మచ్చలు వచ్చును. నాలుగు నీళ్లు పోసి, మడమ క్రిందికి మోర పైకి వచ్చునట్లు గోడకానించి ఆఱబెట్టవలయును.

వాసన యెక్కడనుండి వచ్చుననుటకు మా పెద్దపిల్ల ఒకనాడు తన పుస్తకము తెచ్చి చూపినది. మన శరీరములో చెమట గ్రంథులు మిక్కిలి దట్టముగా నుండు చోట్లలో అరికాలు ఒకటి. చెమటకు వాసన లేదు. చర్మముమీది సూక్ష్మజీవులు ఆ తడిలోని పదార్థములను తిని ఐసోవలెరిక్ ఆమ్లమును పుట్టించును. పాత జున్నువంటి ఆ వాసన దానిదే. తడి లేనిచో వాని ఆటలు సాగవు. అత్తరు చల్లుట, కర్పూరపు బిళ్ల వేయుట వాసనను కప్పుటయే గాని పోగొట్టుట కాదు. నూలు మేజోళ్లు ప్రతిదినము ఉతికినవి తొడిగినచో లోపలి మెత్తకు సగము పని తప్పును.

బెండు మెత్తలును, జెల్లు మెత్తలును మా యింట లేవు. మా చెల్లెలి యింట చూచితిమి. బెండును చెమ్మగుడ్డతో తుడుచుట తప్ప నానబెట్టరాదు, ఉబ్బి పొడియగును. జెల్లును సబ్బునీటితో కడిగిన చాలు; ఆఱిన పిమ్మట దాని జిగురు తిరిగి వచ్చును.

మఱి గొంగడి మెత్త యొకటి కలదు. చలికాలమున అత్తగారి పాదములు చల్లబడునని, చిఱిగిన పాత గొంగడి నుండి ముక్కలు కోసి వారి చెప్పులపై కుట్టుకొన్నారు. అది వారి సొంత ఆలోచన. మన కురుమలు దక్కను గొఱ్ఱెబొచ్చుతో నేసి, చింతగింజల గంజి పట్టించు నల్లగొంగడి అది. వేడినీరు పోసి రుద్దినచో ఉన్ని ముద్దకట్టి సగమగును. చన్నీట, కుంకుడు పులుసుతో, రుద్దక, ఊరక ముంచి తీయవలెనని వారే మాకు చెప్పిరి. ఈ యొక్క మెత్త విషయములో మేము శిష్యులము.

మా ప్రక్కయింటివారు జీడిమెట్లలో మందుల కర్మాగారమునకు పోవుదురు. ముందుభాగమున ఉక్కుతొడుగు గల బరువైన బూట్లు వారివి. ఆ యిల్లాలు మా మాట విని భర్త బూట్లలో అంగటి మెత్తనొకటి కొని వేసినది. పాపము, కాళ్లు నొచ్చుచున్నవని ఆయన చెప్పినందున. కర్మాగారములో పై యధికారి చూచి తీయించెనట. అది విని మొదట ఆ యిల్లాలు నొచ్చుకొన్నది. కారణము తెలిసినప్పుడు మేమిద్దఱమును గుండెమీద చేయి వేసికొంటిమి. త్వరగా అంటుకొను ద్రావకములున్నచోట ఒంటిలో పుట్టు విద్యుత్తు బూటుద్వారా నేలకు దిగిపోవునట్లు ఆ బూట్లను చేయుదురు. నడుమ వేఱొక మెత్త పెట్టినచో విద్యుత్తు దిగదు; ఒక్క మిణుగురు చాలును. కావున పనిబూట్లలో మెత్త మార్చవలెనన్న కర్మాగారమువారి నడుగక మార్చరాదు. వానిపై రసాయనము ఒలికినచో ఇంటికి తెచ్చి బిడ్డల బట్టలతో కలిపి ఉదుకనే కూడదు. తోలులోనికి ఇంకిన రసాయనము ఉతికిన పోదు. ఆ మెత్తను, కొన్నిచోట్ల ఆ బూటునే, విడువవలయును.

విడువవలసిన సందర్భమన్నప్పుడు 2020 అక్టోబరు తలపునకు వచ్చుచున్నది. ఆ నెల 13వ తేదీ రాత్రి హైదరాబాదున కురిసిన వాన ఎవరును మఱువరు. మా ప్రాంతపు ఫాక్స్ సాగర్ చెఱువు పొంగి దిగువనున్న ఉమామహేశ్వర కాలనీ యిండ్లలోనికి నీరు చేరి, దినములకొలది నిలిచినది. మా పినతల్లిగారి యిల్లు ఆ దిగువననే. నీరు తీసిన పిమ్మట సాయమునకు పోయితిమి. గుమ్మము దగ్గఱ అలమరలో యింటిల్లిపాది చెప్పులు, బూట్లు బురదతో నిండియుండెను. పినతల్లిగారు ఒక్కొక్కదానిని తీసి, "ఇది కడిగితే వస్తుందేమో" అని ప్రక్కన పెట్టుచుండిరి. ఇల్లంతయు పోయిన మనిషికి ఒక్క జతయైనను మిగిలిన చాలునని యుండును. మురుగునీరు కలిసిన ఆ వెల్లువలో నానిన స్పాంజి, అట్ట, తోలు లోపలివఱకు చెడియుండును. పైకి కడిగిన లాభము లేదు. రబ్బరు చెప్పులు మాత్రము కడిగి, బ్లీచింగు నీటితో తుడిచి యుంచుకొంటిమి. తక్కినవన్నియు వీధిలోని కుప్పమీదికి పోయినవి. చిన్నబిడ్డ మొదటి బూట్ల జతను ఆమె చీరకొంగున దాచుట మేము చూచియు చూడనట్లుంటిమి.

మా వారి కథకు వత్తుము. గాయము మానిన పిమ్మట వైద్యుడు ఎం.సి.ఆర్. అను సూక్ష్మ రంధ్రముల రబ్బరు మెత్తను వేయించుకొనుమనెను. దాని చరిత్ర విని ఆశ్చర్యపడితిమి. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండు అను వైద్యుడు, కుష్ఠరోగుల పాదములు కుళ్లుట రోగమువలననే యని లోకమంతయు నమ్ముచుండగా, కాదు, నొప్పి తెలియక వారు గాయములమీద నడుచుటవలననే యని కనిపెట్టెను. వారికై మెత్తని రబ్బరు అడుగుగల పాదరక్షలను చేయించుటలో ఆయనయు, ఆయన తోడివారును ఏండ్లు గడపిరి. మా కూకట్‌పల్లిలో రాణి కుముదినీదేవిగారు స్థాపించిన శివానంద పునరావాస కేంద్రము అట్టి రోగుల సేవకే వెలసినది. మేము ఆ దారిన ఎన్నిమాఱులో పోయితిమి; తల త్రిప్పి చూచినది తక్కువ. నాడు వారికొఱకు ఆలోచించి చేసిన మెత్తయే నేడు మా గణితపు మాస్టరుగారి బూటులో నున్నది.

దీనిని శుభ్రపఱచుట సులభము. చల్లని సబ్బునీటితో కడిగి నీడను ఆఱబెట్టిన చాలును. వేడి పనికిరాదు. కాని దీనికి ఆయువు తక్కువ. బొటనవ్రేలితో నొక్కిన లోనికి దిగి తిరిగి లేవవలయును. లేవక పలుచబడినచో ఎంత శుభ్రముగ నున్నను మార్చవలయును. మురికి మెత్తకంటె అణగారిన మెత్త వారికి కీడు చేయును.

ఇప్పుడు మా యింట సంధ్యవేళకు ఒక పని యేర్పడినది. మా వారు రాగానే బూట్లలోని మెత్తలు తీసి, లోపల చేయిపెట్టి మోరవఱకు తడిమి, అడ్డముగ నిలిపి గాలికి పెట్టుదుము. పిమ్మట వారి పాదములను వెలుతురులో చూతుము. మొదట వారు సిగ్గుపడిరి. "బళ్లో పిల్లల చేతులు చూసినట్టు చూస్తున్నావు" అనిరి. గోళ్లు పెరిగిన దినమున బెత్తమే తక్కువ యని మేమంటిమి.

గడచిన కార్తికమున ఒకనాడు మేము పుట్టినింటికి పోయి, రాత్రి బాగుగ ప్రొద్దుపోయిన పిదప వచ్చితిమి. దారిపొడవునను బూట్ల మాటయే మనసులో నుండెను. వచ్చి చూడగా మెత్తలు రెండును తీసి, అరుగుమీద, గాలి తగులుచోట, సరిగా నిలిపియున్నవి. తులసికోటలో దీపము వెలుగుచున్నది. అత్తగారు గడపమీద కూర్చుండి, గుప్పిట విప్పి చూపిరి. అరచేతిలో అంగుళమంత సుద్దముక్క, ఒక ప్రక్క నలిగినది.

"పొద్దంత దీని మీదనే నిలవడ్డడు బిడ్డా. కాలు చూసిన, ఏం కాలేదు" అనిరి.